చోడవరం బస్సెక్కే పిల్లల కోసం
యు.ఇ.ఎస్.ఐ. ఆంధ్రప్రదేశ్ బాధ్యులకు బహిరంగ లేఖ

యు.ఇ.ఎస్.ఐ. బాధ్యులకు, స్టాఫ్ వర్కర్లకు, గ్రాడ్యుయేట్ అన్నయ్యలకు, అక్కలకు,



ఈ ఉత్తరం మీ ఆఫీసుకు పోస్టులో పంపితే సరిపోయేది. నలుగురూ చదివేలా రాయడానికి కారణం ఉంది. కాలేజీ పిల్లలకు క్రీస్తును గురించి చెప్పడం యు.ఇ.ఎస్.ఐ. పని, అది నలుగురి ముందూ జరగాల్సిన పని. మన విశ్వాసం కాని తల్లిదండ్రులు, ప్రిన్సిపాళ్ళు, మనల్ని అనుమానంగా చూసే కుర్రాళ్ళు కూడా ఈ మాటలు చదవాలి. వాళ్ళ ఎదుట చెప్పలేనిదాన్ని వాళ్ళ పిల్లలకు చాటుగా చెప్పే హక్కు మనకు లేదని నా నమ్మకం.

మాది బుచ్చయ్యపేట మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి కాగితాల మీద అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ, మాటల్లో ఇంకా విశాఖపట్నం జిల్లావాళ్ళమే. ఇంటర్ పాసైన మా పిల్లలు ఎక్కువమంది డిగ్రీకి చోడవరమో అనకాపల్లో వెళ్తారు. మార్కులూ స్తోమతూ ఉన్నవాళ్ళు విశాఖ వెళ్తారు. పొద్దున్నే మా వడ్డాది జంక్షన్లో నిలబడి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో క్యారేజీ, బస్సు మెట్ల మీద ఒక కాలు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో డిగ్రీ చదువుతున్న మొదటి మనిషి వాళ్ళే. నాన్న చెరుకు కొట్టుడికి పోతాడు, అమ్మ ఉపాధి పనికి పోతుంది. 2021 నుంచి డిగ్రీ పాఠాలన్నీ ఇంగ్లిషు మీడియం. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల కామర్స్ పుస్తకం తెరిచి ఒక్కో పేరా రెండుసార్లు చదువుకుంటుంది. ఆ అవస్థ ఇంట్లో చెప్పుకోదు. చెప్పినా వాళ్ళకు అర్థం కాదు. క్లాసులో చెప్పదు, నవ్వుతారని.

ఈ పిల్లలకు సువార్త ఎలా చెప్పాలన్నదే ఈ ఉత్తరం.

పెద్ద ఊళ్ళో క్యాంపస్ అంటే హాస్టలు. రాత్రి భోజనాలయ్యాక ఒక గదిలో నలుగురు కూర్చుని వాక్యం చదువుకుంటారు, ప్రశ్నలు వేసుకుంటారు, ప్రార్థన చేసుకుని లేస్తారు. కాలేజీల్లో మీ విద్యార్థి బృందాలు, అంటే ఇ.యు. గ్రూపులు, పెరిగింది చాలా మటుకు ఆ గదుల్లోనే. మా వైపు అలాంటి గది లేదు. కాలేజీ వదిలాక ఒక బస్సు తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్ల ఆలస్యంగా వస్తే ఊళ్ళో మాట పుడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. అందుకు సంతోషమే. ఛార్జీ బెంగ తీరింది గానీ వేళ బెంగ తీరలేదు. సాయంత్రం ఆరు గంటలకు కూడిక పెట్టి ‘పిల్లలు రావట్లేదు, భారం లేదు’ అని బాధపడితే తప్పు పిల్లలది కాదు. మా పిల్లలకు క్యాంపస్ అంటే మధ్యాహ్నం క్యారేజీ విప్పుకునే వేప చెట్టు నీడ, బస్టాండులో ఎదురుచూసే ఆ కొంతసేపు, మా బీఎన్ రోడ్డు గోతుల్లో ఊగుతూ పోయే బస్సులో పక్క సీటు. సువార్త అక్కడ పట్టాలి.

అక్కడ పట్టాలంటే చెప్పేవాడు కూడా ఆ బస్సే ఎక్కాలి. బయటినుంచి ఒక రోజు వచ్చి, గేటు దగ్గర కరపత్రాలు పంచి, ఫొటో తీసుకుని వెళ్ళేవాళ్ళను మా పిల్లలు చూస్తూనే ఉన్నారు. ఆ కరపత్రం వడ్డాది చేరకముందే బస్సు కిటికీలోంచి ఎగిరిపోతుంది. వాళ్ళకు కావలసింది మర్నాడూ కనిపించే మనిషి.

ఈ మాట నేను కొత్తగా చెప్పడం లేదు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి ముప్పై ఆరేళ్ళయినా నిండని వేదనాయకం సామ్యేల్ అజరయ్య ఆ సభలో లేచి, పాశ్చాత్య మిషనరీలతో, మీరు మా కోసం ఎంతో త్యాగం చేశారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అన్న అర్థంలో మాట్లాడి కూర్చున్నాడు. సభలో చాలామందికి ఆ మాట నచ్చలేదు. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు. యువకులతో ఏళ్ళ తరబడి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసినవాడు. తర్వాత తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్పయి, చనిపోయేదాకా తెలుగు పల్లెల్లో మాలమాదిగల మధ్య తిరిగాడు. ఎడింబరోలో అడిగిన స్నేహాన్ని దోర్నకల్‌లో తానే ఇచ్చాడు. మన క్యాంపస్ పరిచర్యకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

విద్యార్థులు పూనుకుంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి మా జిల్లా చరిత్రే చాలు. అది మొదలయ్యేది మాత్రం అమెరికాలో. 1806లో అక్కడి విలియమ్స్ కాలేజీ విద్యార్థులు ఐదుగురు పొలంలో ప్రార్థన చేసుకుంటుంటే గాలివాన వచ్చింది. పక్కనున్న గడ్డిమేటు చాటున తలదాచుకుని ప్రార్థన కొనసాగించారు. దూరదేశాలకు సువార్త తీసుకెళ్ళాలన్న తీర్మానం ఆ గడ్డిమేటు దగ్గర పుట్టింది. 1810లో అమెరికన్ మిషన్ బోర్డు ఏర్పడింది దాని ఫలితంగానే. ఆ బోర్డు పంపిన జడ్సన్ అనే మిషనరీ దారిలో బాప్టిస్టు అయ్యాడు, దాంతో 1814లో అమెరికన్ బాప్టిస్టులు తమ సొంత మిషన్ పెట్టుకున్నారు. ఆ మిషన్ తరఫున శామ్యూల్ డే దంపతులు 1836లో వచ్చింది విశాఖపట్నానికే. కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి, చివరికి 1840లో నెల్లూరు చేరారు. తెలుగు బాప్టిస్టు సంఘాల కథంతా అక్కణ్ణుంచి మొదలైంది. మూలాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతే కాలేజీ కుర్రాళ్ళు ఐదుగురు కనిపిస్తారు. వాళ్ళకు ఎవరూ మీటింగు పెట్టలేదు, స్టేజీ కట్టలేదు.

అంతకు ముందే, 1805లో, లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ విశాఖ వచ్చారు. వాళ్ళు మొదట చేసిన పని తెలుగు నేర్చుకోవడం, సువార్తలను తెలుగు చెయ్యడం. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి పక్కన కూర్చుని సాయపడ్డాడు. ఇద్దరు మిషనరీలూ ఐదేళ్ళలోపే పోయారు. వాళ్ళు తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు చూసే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. మన కూడికల్లో ఇంగ్లిషు పాటలు, ఇంగ్లిషు ప్రసంగాలు పెరుగుతున్నాయి గనుక ఇది గుర్తుచేస్తున్నాను. పొద్దుటినుంచీ అర్థంకాని ఇంగ్లిషుతో అలిసిపోయిన పిల్లకు కనీసం దేవుడి మాటయినా తెలుగులో వినబడాలి. పురుషోత్తమ చౌదరి కీర్తనలున్న భాషలో, శ్రీకాకుళం వైపు మట్టి వాసన తెలిసిన ఆ భాషలో చెబితే మా పిల్లలకు నేరుగా తగులుతుంది.

యు.ఇ.ఎస్.ఐ. 1954లో పుట్టింది. మొదటి అధ్యక్షుడు ప్రొఫెసర్ హెచ్. ఈనోక్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాడు. మొదటి జనరల్ సెక్రటరీ పి.టి. చాండపిళ్ళ. విద్యార్థే విద్యార్థికి చెప్పాలి, చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్ళు వెనక నిలబడి ఖర్చు భరించాలి, బయటి డబ్బు మీద ఆధారపడకూడదు అన్నది ఆనాటినుంచీ మీరు పెట్టుకున్న పద్ధతి. దయచేసి ఆ పద్ధతిని వదలకండి. ‘వీళ్ళకు విదేశాల నుంచి డబ్బొస్తుంది, తలకింత అని ఇస్తారట’ అన్న మాట మా ఊళ్ళో టీకొట్టు దగ్గర రోజూ వినబడుతుంది. దానికి గట్టి జవాబు వాదనలో దొరకదు. జీతంలోంచి నెలకు వెయ్యి రూపాయలు తీసి ఇచ్చే టీచరమ్మ ఆ ఊళ్ళోనే ఉండి నలుగురికీ కనబడితే అదే జవాబు.

డబ్బు మాట వచ్చింది గనుక ఒంగోలు కథ చెప్పాలి. అక్కడి మిషనరీ జాన్ క్లౌ 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన సంగతి మన ప్రసంగాల్లో తరచూ వస్తుంది. దాని ముందు జరిగింది అంతగా రాదు. 1876 నుంచి పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం బతిమాలుతూనే ఉన్నారు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తెలియాలంటే అన్నం పంచడం ఆగాలి అనుకున్నాడు. ఆకలితో ఉన్నవాడు అడిగినా ఆగాడు ఆయన. మరి ఫీజు కట్టలేక అల్లాడుతున్న పిల్లవాడికి, హాస్టల్లో ఏడుస్తున్న పిల్లకు, ఇంటర్ తప్పి ముఖం చాటేసిన కుర్రాడికి మనం సాయం చేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలి? ఫీజు కట్టండి, తప్పకుండా కట్టండి. కట్టి, ఆ నెలలో కూడికకు రమ్మని అడక్కండి. అప్పుడే వాడు రాదలిస్తే తనంతట తాను వస్తాడు.

చట్టం చెప్పేదీ ఇంచుమించు ఇదే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చెయ్యడానికీ స్వేచ్ఛ ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, చెప్పే హక్కు ఉంది గానీ ఇంకొకరిని మార్చే హక్కంటూ లేదని తేల్చింది. ఆ తీర్పు మీద మనవాళ్ళలో ఇప్పటికీ అసంతృప్తి ఉంది. నాకు మాత్రం అందులో మనకు అడ్డమొచ్చేది పెద్దగా కనబడదు. మార్చడం మన పని అని యేసు ఎక్కడా చెప్పలేదు. సాక్షులుగా ఉండమన్నాడు. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే కాలేజీలో మతబోధ కుదరదు. గ్రాంటు తీసుకునే కాలేజీలో, ప్రభుత్వ గుర్తింపున్న కాలేజీలో ఇష్టం లేని విద్యార్థిని ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. మైనరయితే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. కనుక ఇంటర్ పిల్లల దగ్గరికి ఇంట్లో తెలియకుండా ఎవరూ వెళ్ళకూడదని మీ తరఫున గట్టిగా చెప్పండి.

ఇంకొకటి, ఇది నేను మరీ గట్టిగా అంటున్నాను. ఇంటర్నల్ మార్కులు తన చేతిలో ఉన్న లెక్చరర్ తన విద్యార్థికి క్లాసులో సువార్త చెప్పకూడదు. ఎంత మంచి మనసుతోనయినా సరే, చెప్పకూడదు. ఆ పిల్లవాడు తల ఊపితే అది మార్కులకు ఊపాడో నమ్మి ఊపాడో వాడికే తెలియదు. పాఠం బాగా చెప్పడం, ఎవరికీ పక్షపాతం చూపకపోవడం, అడిగినవాడికి గేటు బయట నిదానంగా జవాబివ్వడం, లెక్చరర్ సాక్ష్యం అంతవరకే. దీనికో పాత అనుభవం ఉంది. బందరులో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో బడి పెట్టాడు. రోజూ బైబిలు పాఠం ఉండేది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ గొప్పవాడు, 1865లో బందరులోనే కన్నుమూశాడు. అయినా ఆయన పద్ధతి ఈనాటి ప్రభుత్వ కాలేజీకి నప్పదు. పైగా ఆ బడిలో అగ్రకులాల పిల్లలకే చోటుండేది. ఒంగోలులో క్లౌకూ ఈ కులం పరీక్ష ఎదురైంది. ఊరి పెద్దకులాల పిల్లలు బడికి వస్తున్న రోజుల్లో మాదిగలు విశ్వాసంలోకి రావడం మొదలైంది. తాము కావాలో మాదిగలు కావాలో తేల్చుకోమన్నారు ఆ పెద్దకులాలవాళ్ళు. క్లౌ దంపతులు పేదల వైపు నిలబడ్డారు. మీ గ్రూపులో ఎస్సీ హాస్టలు పిల్లవాడూ ఊళ్ళో మోతుబరి ఇంటి పిల్లవాడూ ఒకే క్యారేజీలో చెయ్యి పెట్టి తింటే, ఆ కాలేజీలో ఇంకెవరూ ఏ ప్రసంగమూ చెయ్యక్కర్లేదు.

కులం మాట దాటవేయలేను. మా మండలంలో మన మాట ఎక్కువగా వినేది దళిత విద్యార్థులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సి అవుతాడు, ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినంత మాత్రాన ఊళ్ళో పేట మారలేదు, పిలుపు మారలేదు. అందుకే ఈ నిబంధన అన్యాయమని నేను అనుకుంటున్నాను, మార్చమని అడగాలి కూడా. అడుగుతూనే, మారేదాకా ఉన్న సంగతిని పిల్లవాడికి పూర్తిగా చెప్పాలి. స్కాలర్‌షిప్పు, సీటు, రేపు ఉద్యోగం, అన్నీ ఎలా మారతాయో బాప్తిస్మానికి ముందే కూర్చోబెట్టి చెప్పాలి. ‘సర్టిఫికెట్ అలాగే ఉంచుకో, ఆదివారం మాత్రం రా’ అని సలహా ఇచ్చే పెద్దలున్నారు. ఇరవై ఏళ్ళ పిల్లవాడి విశ్వాస జీవితాన్ని అబద్ధంతో మొదలుపెట్టించడం అది. చెప్పాక వాడు ఏడాది ఆగుతానంటే ఆగనివ్వండి. ప్రభువు తొందరపెట్టడు.

ఇల్లు ఇంకో సంగతి. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర వస్తుంది, ఇంటినిండా చుట్టాలొస్తారు. అప్పుడే యేసును నమ్మిన పిల్ల ఆరోజు ఏం చెయ్యాలి? మన కూడికల్లో కొందరు ప్రసంగీకులు ఈ ప్రశ్నకు జవాబుగా ఇతరుల దేవుళ్ళను ఎగతాళి చేస్తారు, కుర్రాళ్ళు చప్పట్లు కొడతారు. అలాంటివారిని దయచేసి మా వైపు పిలవకండి. పౌలు ఏథెన్సు వీధుల్లో విగ్రహాలు చూసి లోపల కుమిలిపోయినవాడే, అయినా అరేయొపగులో నిలబడ్డప్పుడు ఆ జనాన్ని వెక్కిరించలేదు. వాళ్ళ భక్తిని గమనించానంటూ మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటే తీసుకుని చెప్పాడు. ఆ పిల్ల ఇంట్లో పొయ్యి దగ్గర అమ్మకు సాయం చెయ్యాలి, చుట్టాలకు వడ్డించాలి, తాను దేనికి మొక్కలేదో అమ్మకు నెమ్మదిగా చెప్పాలి. అమ్మ ఏడుస్తుంది. ఆ ఏడుపు వినే ఓపిక మనం నేర్పకపోతే పిల్ల ఇల్లు వదిలి వచ్చేస్తుంది, సువార్తకు ఆ ఊరి తలుపు ఇరవై ఏళ్ళు మూసుకుంటుంది.

ఎఫెసులో పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్ళు రోజూ చర్చించాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఒకే చోట, రెండేళ్ళు, రోజూ. మా వైపు రైతుదీ అదే ఓపిక: చెరుకు మొక్కతోట కొట్టేసి ఊరుకోడు, మొదళ్ళ నుంచి మళ్ళీ చిగురించే కార్సి తోటకూ నీళ్ళు పెడతాడు, గొప్పు తవ్వుతాడు. మన క్యాంపుల్లో చెయ్యెత్తి సమర్పించుకున్న పిల్లలు తిరిగొచ్చాక మా ఊళ్ళలో వాళ్ళ మంచిచెడ్డలు అడిగేవాళ్ళు ఎవరు?

నేను అడిగేదానికి కొత్త భవనం అక్కర్లేదు, బడ్జెట్టూ పెద్దగా అక్కర్లేదు. కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి, డిగ్రీ చదివిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఎందరో పల్లెల్లో ఉద్యోగాలకు వచ్చారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఈ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళలో మీ ఇ.యు. గ్రూపుల్లో పెరిగినవాళ్ళు తప్పకుండా ఉంటారు. కొందరు వైజాగ్‌లోనో అనకాపల్లిలోనో ఉండి డ్యూటీకి వచ్చిపోతుంటారు. పిల్లల చదువులున్నాయి, ముసలి తల్లిదండ్రులున్నారు, వాళ్ళను తప్పు పట్టడం లేదు. అందులో ఒకరిద్దరినయినా చోడవరంలోనో వడ్డాదిలోనో ఇల్లు తీసుకుని కాపురం ఉండమని అడగండి. భార్యాభర్తలయితే మరీ మంచిది, ఆడపిల్లలతో మాట్లాడడానికి అక్క ఉండాలి. ఆఫీసు వేళలో ఆఫీసు పని చెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం తలుపు తీసి ఉంచి, వచ్చిన పిల్లలకు అన్నం పెట్టి, కామర్స్ లెక్క రాకపోతే అది చెప్పి, అడిగితే యేసును గురించి చెప్పాలి. అడగకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ అన్నం పెట్టాలి. పిల్లల అమ్మానాన్నలు ఎప్పుడొచ్చినా లోపలికి రానిచ్చి, ఇక్కడ ఏం జరుగుతుందో చూడనివ్వాలి.

ఊళ్ళో సంఘాల పాస్టర్లకు కూడా ముందే చెప్పండి. గ్రూపులో చేరిన పిల్లలను మా సంఘం, మీ సంఘం అని పంచుకునే పోటీ వద్దని వాళ్ళతో ఒక మాట అనుకోండి. బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు అన్న తేడాలు డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లకు తెలియవు, తెలియనక్కర్లేదు కూడా.

డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఒక్క కుటుంబం వస్తే చాలు. అద్దె ఇల్లు నేను వెతికి పెడతాను, మొదటి ఏడాది అద్దెలో సగం మేం ఇక్కడి గ్రాడ్యుయేట్లం వేసుకుంటాం. మీ జవాబు కూడా అందరూ చదివేలా రాయండి.

ప్రభువులో మీ సహోదరుడు,
బుచ్చయ్యపేట నుంచి ఒక పాత ఇ.యు. విద్యార్థి